బూడిద దిబ్బ మీద వెంచర్: ఎవరు చెప్పినా వినకూడని సలహాలు

కర్నూలు దాటి బళ్లారి వైపు వెళ్లే దారిలో ఒక కొండ పాదాన లేఅవుట్ పని జరుగుతోంది. అక్కడి సూపర్‌వైజరు ఒక రోజు ఫోన్ చేశాడు. "సార్, దిబ్బ చదును చేస్తుంటే బూడిద వస్తా ఉంది. ఎంత తీసినా బూడిదే. మధ్యలో నల్లగా నున్నగా ఒక రాయి దొరికింది, గొడ్డలి మాదిరి ఉంది."

నేను చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది. ఈలోగా చుట్టుపక్కలవాళ్లు అతనికి ఏడెనిమిది సలహాలు ఇచ్చేశారు. అందరూ అతని మేలు కోరినవాళ్లే, ఇచ్చిన సలహాలు మాత్రం అన్నీ తప్పే. వాటిలో మూడు అప్పటికే అమలైపోయాయి. దిబ్బలో సగం ట్రాక్టర్లకెక్కి పల్లపు ప్లాట్లలోకి వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి అలాంటి సలహాలు ఎక్కడ విన్నా రాసిపెట్టుకుంటున్నాను. రాయలసీమలో, పాలమూరులో, సరిహద్దు అవతల బళ్లారి, రాయచూరు జిల్లాల్లో స్థలం చదును చేయించేవాళ్లకు ఇవి ఏదో ఒక రోజు వినబడతాయి. వినబడినప్పుడు ఎందుకు వినకూడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

"ఏముంది, బూడిదే కదా. పల్లానికి తోలేయండి."

అన్నిటికన్నా ముందు వినిపించేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. కాబట్టి ఆ బూడిద ఏమిటో ముందు తెలియాలి.

దక్కన్‌లో ఇలాంటి బూడిద దిబ్బలు వందకు పైగా గుర్తించారు. ఇంత బూడిద ఎక్కడిదన్న ప్రశ్న ఊళ్లవాళ్లకు ఎప్పుడో వచ్చింది, జవాబూ వాళ్లే చెప్పుకున్నారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బ వాలిని దహనం చేసిన చోటంటారు. బళ్లారి దగ్గరి బూదికనుమ దిబ్బ భీముడు చంపిన హిడింబాసురుడి బూడిదంటారు. 1830, 40లలో న్యూబోల్డ్ అనే సైనికాధికారి వీటి గురించి రాశాడు. తర్వాత భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని కొత్తరాతి యుగపు మనుషులతో ముడిపెట్టాడు. 1957లో నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వి చూశాక సంగతి తేటపడింది. అది కాలిన ఆవుపేడ. మొద్దులు పాతి దడి కట్టిన పెద్ద పశువుల దొడ్డి, అందులో పోగుపడిన పేడ, దాన్ని తగలబెట్టిన మంటలు, మళ్లీ దడి, మళ్లీ పేడ, మళ్లీ మంట. పొర మీద పొర అలా పేరుకుంది. ఒక పొరలో ఆవుల గిట్టల అచ్చులు అలాగే నిలిచి ఉన్నాయి.

ఒక్క క్షణం ఆగి దీన్ని ఊహించండి. నాలుగు వేల ఏళ్లకు పైగా కిందటి ఒక సాయంత్రం మంద దొడ్డిలోకి వచ్చింది. తడి నేలలో గిట్టలు దిగాయి. ఆ అచ్చు మన కాలం దాకా చెరగలేదు. జేసీబీ బకెట్‌కు దాన్ని చెరపడానికి అర నిమిషం చాలు.

మంట ఎక్కువైన చోట బూడిద కరిగి గాజులా గట్టిపడుతుంది. దాన్ని చూసి "ఇనుప చిట్టెం, ఇక్కడెవరో కొలిమి పెట్టారు" అనుకునేవాళ్లు చాలామంది. ఇనుము ఈ నేలకు రాకముందు మాట ఇది. ఆ మనుషుల పనిముట్లు రాయి, ఎముక, కర్ర. రాగి దొరికినా చివరి దశలో కొద్దిగా.

ఇక పల్లానికి తోలడం సంగతి. ఆ సూపర్‌వైజరు నన్నడిగాడు: "మట్టి అయితే పోలేదు కదా సార్, ఇదే వెంచర్‌లో ఉంది కదా?" మట్టి ఉన్న మాట నిజమే. పైది కిందికి, కిందిది పైకి అయింది. కింది పొర పాతది, పై పొర కొత్తది అనే ఒకే ఒక లెక్క మీద పురావస్తు శాస్త్రం అంతా నిలబడుతుంది. ఆ వరస పోతే ఆ మట్టికి కాలం లేదు. అంతకన్నా చేటు ఇంకొకటుంది. రేపు ఆ పల్లపు ప్లాటులో ఎవరైనా బావి తవ్వి కుండ పెంకులు చూస్తే, అక్కడా ఒక పాత ఊరుందని అనుకుంటారు. లేని ఊరు ఒకటి పుడుతుంది, ఉన్న ఊరు మాయమవుతుంది.

పొలానికి తోలినా అంతే. పాటిమన్ను చేనుకు బలమని తాతల నాటి నుంచి తోలుతున్నారు. బలమైన మాట నిజం, రైతును నేను తప్పుపట్టను. ఒక్కో దిబ్బ అలాగే బండ్లకెత్తి కరిగిపోయిందన్నదీ నిజం. అప్పట్లో ఎద్దుల బండి ఏడాదికి తోలినంత ఇప్పుడు టిప్పర్ ఒక పూటలో తోలుతుంది.

"కుండ ఉందంటే కింద ఏదో ఉంటుంది. పగలగొట్టి చూడు."

లంకెబిందెల మీద ఆశ మన దగ్గర ఈనాటిది కాదు. అమావాస్య రాత్రుళ్లు గునపాలతో గుడి వెనక తవ్వేవాళ్ల వార్తలు రాయలసీమ పేపర్లలో తరచూ చూస్తూనే ఉంటాం. కొత్తరాతి యుగపు ఊళ్లో ఆ ఆశకు చోటే లేదు. వాళ్ల కాలానికి నాణెం అనేదే పుట్టలేదు.

మరి ఇంటి నేల కింద పాతిపెట్టిన కుండలో ఏముంటుంది? చాలాసార్లు పసిబిడ్డ ఎముకలు. పుట్టి పోయిన పిల్లల్ని కుండలో పెట్టి, తాము పడుకునే గుడిసె నేలలోనే పాతుకున్నారు ఆ మనుషులు. ఊరవతల పెట్టడానికి మనసు రాలేదేమో. దీనికి కారణం ఇదీ అని ఎవరూ గట్టిగా చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ బంగారం కోసం అలాంటి కుండను గునపంతో పొడిచిన చోట నేను నిలబడ్డాను. గోరంత ఎముకలు మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. తవ్వినతను నా ముందే చేతులు కడుక్కుని, చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

కుండ మూతి కనబడితే చెయ్యి పెట్టకండి. మట్టితో సహా అలాగే వదిలి, మీద ఒక పట్టా కప్పి, నాలుగు వైపులా రాళ్లు పెట్టండి.

"ఎముకలున్న జాగాలో ఇల్లు కడితే శల్యదోషం. ముందు అవి తీయించి ఏట్లో కలపండి."

ఈ సలహా ఇచ్చేవాళ్ల నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. స్థలశుద్ధి మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. కానీ ఈ దిబ్బల్లో దొరికే ఎముకల్లో ఎక్కువ భాగం పశువులవి, ముఖ్యంగా ఆవులవి, ఎద్దులవి. ఏ వయసు పశువును ఉంచుకున్నారు, ఏ వయసులో కోశారు, పాల కోసం పెంచారా, బరువు మోయించారా అన్న ప్రశ్నలకు జవాబు ఆ ఎముకల్లోనే ఉంటుంది. ఉత్తర కర్ణాటకలోని బూదిహాళ్‌లో పురావస్తు శాస్త్రవేత్త కట్రగడ్డ పద్దయ్య గారి బృందం తవ్వినప్పుడు, బూడిద దిబ్బ పక్కనే ఇళ్లున్న ఊరు, పశువుల్ని కోసి మాంసం పంచుకున్న నేల, రాతి పనిముట్లు చెక్కిన చోటు బయటపడ్డాయి. అక్కడ ఎముకలను ముందే ఏరి ఏట్లో కలిపి ఉంటే, అది పెద్ద పేడకుప్ప అని మాత్రమే తెలిసేది.

శుద్ధి చేయించుకోవాలనుకునేవాళ్లు తప్పక చేయించుకోవచ్చు. నిపుణులు వచ్చి చూసి, ఎముకలు తీసుకెళ్లిన తర్వాత చేయించుకోండి. అప్పుడు జాగా మీరు కోరినట్టే శుభ్రంగా ఉంటుంది.

"మంచి ముక్కలు ఏరి కడిగి దాచు. మట్టితో ఏం పని?"

చదువుకున్నవాళ్ల దగ్గరే ఈ మాట ఎక్కువ విన్నాను. నున్నటి రాతి గొడ్డలి చేతిలో పట్టుకుంటే ఎవరికైనా వదలబుద్ధి కాదు. నల్లటి డోలరైట్ రాయిని చెక్కి, పొడిచి, నీళ్లూ ఇసుకా వేసి బండ మీద రుద్ది రుద్ది తెచ్చిన పదును అది. గ్రానైట్ కొండల్లో ఆ రుద్దిన గాడులు ఇంకా కనిపిస్తాయి, చెయ్యి పెడితే పళ్లెంలా నున్నగా తగులుతాయి. అలాంటి గొడ్డళ్లను చెట్టు కింద దేవుడి దగ్గర పెట్టి కుంకుమ బొట్టు పెట్టిన ఊళ్లూ ఉన్నాయి. అలా పెట్టినవి కనీసం ఊళ్లోనే నిలిచాయి.

కానీ ఆ కొత్తరాతి యుగపు ఊరివాళ్లు ఏం తిన్నారో గొడ్డలి చెప్పదు, మట్టి చెబుతుంది. పొయ్యి పక్క మట్టిని నీళ్ల తొట్టిలో కలిపితే బరువైనది అడుగుకు పోతుంది, మాడిన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నటి జల్లెడతో తీసి, ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద చూస్తారు. కడప జిల్లాలో పెద్దముడియం, హనుమంతరావుపేట, పాత కర్నూలు జిల్లాలో రూపనగుడి, బళ్లారి దగ్గర సంగనకల్లు వంటి చోట్ల ఈ పద్ధతిలో మట్టి కడిగి చూశారు. ఆ మట్టిలో తేలినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు.

ఆ జాబితా మొదటిసారి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మా ఇంట్లో చలికాలం వచ్చిందంటే ఉలవచారు కాగేది. ఎడ్లకు ఉలవలు నానబెట్టేవాళ్లు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న గోధుమ, బార్లీ మీద మాత్రమే బతికిన ఊళ్లు కావవి. ఈ నేలలో, ఈ వానకు సరిపోయే గింజలను మచ్చిక చేసుకున్న మనుషుల ఊళ్లు. ఈ సంగతి ఏ శాసనంలోనూ లేదు, ఏ పురాణంలోనూ లేదు. చారెడు బూడిద మట్టిలో ఉంది. అందుకే మట్టితో ఏం పని అని ఎవరన్నా అంటే నాకు కోపం కాదు, దిగులు వస్తుంది.

కడగొద్దనేదీ ఇందుకే. రాయినీ కుండపెంకునూ కుళాయి కింద పెట్టి బ్రష్‌తో రుద్దితే అంటుకున్న మసి పోతుంది, తిండి జాడ పోతుంది. దొరికినది దొరికినట్టు ఉండనివ్వండి.

అమ్ముకోమనే సలహా కూడా ఈ జాతిదే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులను లైసెన్సు లేకుండా అమ్మకూడదు, దేశం దాటించకూడదు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దొరికిన విలువైన వస్తువు పది రూపాయలకు మించితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే శిక్ష ఉంది. పది రూపాయలు ఆ నాటి లెక్క, అయినా చట్టం చట్టమే.

"నోరు మూసుకుని కాంక్రీటు పోసేయ్. పురావస్తు శాఖవాళ్లకు తెలిసిందా, స్థలం పోయినట్టే."

అన్నిటి వెనకా ఉన్న భయం ఇదే కాబట్టి దీన్ని దాటవేయలేను. స్థలం మీద అప్పు తెచ్చినవాడి భయం చిన్నది కాదు. కూతురి పెళ్లికని ప్లాటు కొన్నవాడి భయం అసలే చిన్నది కాదు.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. నూరు మీటర్ల లోపు కట్టకూడదు, ఆపైన మరో రెండు వందల మీటర్ల వరకు అనుమతి కావాలి అన్న కేంద్ర నిబంధన 2010 సవరణతో చట్టంలోకి వచ్చింది. అది కేంద్రం రక్షిత కట్టడంగా, రక్షిత స్థలంగా ప్రకటించిన వాటి చుట్టూ వర్తిస్తుంది. కుండపెంకు దొరికిన ప్రతి పొలానికీ అది అంటుకోదు. రక్షిత స్థలంగా ప్రకటించడానికి నోటిఫికేషన్, అభ్యంతరాలకు గడువు వంటి తంతు ఉంది. మన దగ్గరి కొత్తరాతి యుగపు ఊళ్లలో ఎక్కువ వాటికి ఆ రక్షణ నేటికీ లేదు. ఒక దిబ్బ నిజంగా చాలా ముఖ్యమైనదైతే దాన్ని కాపాడాలని శాఖ అడగవచ్చు, అప్పుడు మీకు ఇబ్బంది ఉంటుంది. అది లేదని నేను అబద్ధం చెప్పను. అయితే చాలా చోట్ల అయ్యేది సర్వే, కొలతలు, ఫొటోలు, కొన్నాళ్ల తవ్వకం, ఆ తర్వాత మీ పని మీరు చేసుకోవడం.

ఇంగ్లండులో 1990 నుంచి ఇల్లు కట్టే అనుమతికి ముందే నేల కింద ఏముందో చూపించమని కట్టేవాళ్లను స్థానిక సంస్థలు అడుగుతున్నాయి, ఆ ఖర్చు కట్టేవాళ్లదే. పురాతన రాతి వలయం స్టోన్‌హెంజ్‌కు దగ్గర్లోని లార్క్‌హిల్‌లో సైనిక కుటుంబాలకు ఇళ్లు కట్టబోయినప్పుడు 2016లో కందకాల వలయం ఒకటి బయటపడింది. అది స్టోన్‌హెంజ్ కన్నా కొన్ని వందల ఏళ్లు పాతది. తవ్వి, రాసుకుని, తీయవలసినవి తీశారు. తర్వాత ఇళ్లూ వచ్చాయి.

మన దగ్గరా ఇది కొత్త కాదు. నాగార్జునసాగర్ నీళ్లు నిండక ముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయ అంతా తవ్వి చూశారు. బౌద్ధ స్తూపాలతో పాటు కొత్తరాతి యుగపు మనుషులు నివసించిన గుంతలూ అక్కడ దొరికాయి. ఆనకట్టా కట్టారు, చరిత్రా దక్కింది. అంత పెద్ద లోయకు ఆగగలిగిన దేశం పది ఎకరాల వెంచర్‌కు రెండు వారాలు ఆగలేదా?

లేఅవుట్ వేసేవాళ్లు పార్కు కోసం ఎలాగూ కొంత జాగా వదలాలి. గీత గీసేటప్పుడే దిబ్బ ఆ ఖాళీ స్థలంలో పడేలా చూసుకుంటే ఒక్క ప్లాటూ తగ్గదు. చెట్లు మాత్రం దిబ్బ మీద నాటకండి, వేళ్లు పొరలను చీలుస్తాయి. గడ్డి చాలు.

"పైపైన ఒక అడుగు బ్లేడు లాగితే ఏం కాదు."

అవుతుంది. దక్కన్ కొండల పాదాన, గట్టి బండ మీద, ఊరి పొర చాలా చోట్ల మోకాటి లోతుకు మించదు. ఆ ఒక్క అడుగులోనే ఊరంతా ఉండవచ్చు. పొర లోతుగా ఉన్న చోటా యంత్రంతో ప్రమాదం తప్పదు. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఐన్ గజల్ అనే కొత్తరాతి యుగపు పెద్ద ఊరు 1970లలో రోడ్డు పనుల్లో బయటపడింది. 1983లో బుల్డోజరు కోసిన గోడను పరీక్షిస్తుంటే రెండున్నర మీటర్ల లోతున ఒక గుంత అంచు కనబడింది. అందులో సున్నపు పూతతో చేసిన మనుషుల బొమ్మలున్నాయి. ప్రపంచంలో అంత పాత పెద్ద బొమ్మలు అరుదు. యంత్రం ఇంకాస్త పక్కకు జరిగి ఉంటే అవి ఎవరి కంటా పడేవి కావు. మీ దగ్గర యంత్రం ఇప్పటికే కోసిన గోడ ఉంటే దాన్ని పూడ్చకండి, నిటారుగా అలాగే ఉండనివ్వండి. పొరల వరస చదవడానికి అదే మొదటి పేజీ.

ఇంకా రెండు మూడు చిన్న సలహాలున్నాయి. "పెంకులు ఎక్కడైనా ఉంటాయి" అంటారు. ఉంటాయి, పెంట తోలిన ప్రతి చేనులో అక్కడొకటి ఇక్కడొకటి కనబడతాయి. బూడిద, ఎముక, నూరుడు రాళ్లు, చేత్తో చేసిన బూడిదరంగు పెంకులు ఒక్కచోట గుంపుగా ఉంటే మాత్రం అది ఊరు. "మనమే ఒక గొయ్యి తవ్వి చూద్దాం" అంటారు, అనుమతి లేని గొయ్యి వద్దు. "ఫేస్‌బుక్‌లో లొకేషన్ పెట్టు, అందరూ వస్తారు" అంటారు. రావడం ఖాయం. అందరికన్నా ముందు వచ్చేది గునపం పట్టుకున్నవాడే.

మరి ఏం చేయాలి? చాలా తక్కువ. బండి ఆపండి. రాయి పక్కన ఒక పెన్ను పెట్టి, కదపకుండా ఫొటోలు తీయండి, దగ్గర నుంచి ఒకటి, కొండ కనబడేలా దూరం నుంచి ఒకటి. ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. సర్వే నంబరు రాసి తహసీల్దారుకు ఒక అర్జీ, రాష్ట్ర పురావస్తు శాఖకు ఒక అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఆలస్యమైతే దగ్గరి విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు విభాగానికి కబురు పంపండి, వాళ్లలో పరుగున వచ్చేవాళ్లను నేను చూశాను. అంతవరకు మిగతా వైపు రోడ్లు, కాలువల పని చేసుకోండి.

ఆ సూపర్‌వైజరు రెండో సగం ఆపాడు. వానలు పడే లోపు పట్టా కప్పి, చుట్టూ కంప వేయించాడు. మొదటి సగంలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

దిబ్బను ముందుగా చూసేది ప్రొఫెసరు కాదు, ఇంజనీరు కాదు, జేసీబీ నడిపే కుర్రవాడు. అతనికి ఈ మాట చెప్పేవాళ్లు లేరు. ఇది చదివినవారు మీ ఊళ్లో ఆ బండి నడిపే ఒక్కరికైనా చెప్పండి: నేలలో బూడిద వస్తే బకెట్ ఎత్తి పట్టుకుని, ఇంజన్ ఆపి, ఒకరిని పిలవమని.